దేవుడు నాన్న ఎప్పుడయ్యాడు?

మా పాప పుట్టింది పొద్దున ఆరున్నరకి. నర్సమ్మ టవల్లో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అప్పటిదాకా నేను ఒకరికి కొడుకుని, ఒకరికి భర్తని, ముగ్గురికి అన్నయ్యని. ఆ నిమిషం నుంచి నాన్నని కూడా. అంటే నా నాన్నతనానికి ఒక తేదీ ఉంది, టైమ్ ఉంది, సర్టిఫికెట్ కూడా ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా తమ్ముడు సరిగ్గా దీన్నే పట్టుకుని మొన్న నన్ను అర్ధరాత్రి దాకా డాబా మీద కూర్చోబెట్టాడు.

తమ్ముడంటే బాబాయి కొడుకు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు. బాబాయి పోయి రెండేళ్లయింది. ఆ రోజు తెనాలి దగ్గర మా ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు వాక్యం చెప్పారు. భోజనాలయ్యాయి. చుట్టాలు ఎవరి బస్సు వాళ్లు ఎక్కేశారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వాడు కళ్లు తెరుచుకునే ఉన్నాడు. పిన్ని అది చూసింది. పిన్ని చూడటం నేను చూశాను.

రాత్రి దోమల చక్రం వెలిగించుకుని చాప మీద పడుకున్నాం. వాడు ఫోన్ తీసి ఏదో వీడియో పెట్టాడు. అందులో ఒకాయన చాలా ధీమాగా చెబుతున్నాడు. యేసు దేవుడని బైబిల్లో లేదట, మూడు వందల ఏళ్ల తర్వాత ఒక రోమా చక్రవర్తి ఓటింగ్ పెట్టి ఆయన్ని దేవుణ్ని చేశాడట.

"ఆ ఓటింగ్ సంగతి పక్కన పెట్టన్నయ్యా" అన్నాడు వాడే ఫోన్ ఆపేసి. "నా డౌటు వేరే. కొడుకు ఎప్పుడూ తండ్రి తర్వాతే కదా? నువ్వు నాన్నవయింది పాప పుట్టాక. మరి దేవుడు నాన్న ఎప్పుడయ్యాడు? మధ్యలో ఎప్పుడో అయ్యుంటే అది ఆయన తీసుకున్న పోస్టే. పోస్టు ఎప్పుడైనా వదిలేయొచ్చు. నాకు ఇక్కడ ఒక నాన్న ఉన్నాడు, పోయాడు. ఇంకో పోస్టింగ్ నాన్నని నమ్ముకుని 'తండ్రీ' అని ఎలా మొదలుపెట్టమంటావ్?"

వాడి గొంతు మామూలుగానే ఉంది. నాకే కాసేపు మాట రాలేదు. ఆ రాత్రి చెప్పినవీ, చెప్పలేక తర్వాత చదువుకున్నవీ కలిపి ఈ వారం మీ ముందు పెడుతున్నాను. మీలో చాలామంది క్రైస్తవులు కాకపోవచ్చు. అయినా చదవండి. ఒక్క పదం గురించి మనుషులు ఇంతగా ఎందుకు కొట్టుకున్నారో తెలుస్తుంది.

పాటలతో పాకిన ప్రశ్న

తమ్ముడికి ముందు చెప్పిన మాట ఇది: "నీ ప్రశ్న పదిహేడు వందల ఏళ్ల నాటిదిరా."

ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద ఉండేవాడు. 318 ప్రాంతంలో ఆయన ఇదే లెక్క వేశాడు. తండ్రి అన్నాక కొడుకు కంటే ముందుండాలి, కాబట్టి కుమారుడు లేని కాలం ఒకటి ఉండాలి, కాబట్టి కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడే అన్నాడు. పుస్తకాల్లో రాసి ఊరుకోలేదు. నావికులూ, తిరగలి పనివాళ్లూ, దారిన పోయే బాటసారులూ పాడుకునేలా పాటలు కట్టాడని పాత చరిత్రకారులు రాశారు. ఇవాళ రీల్స్ చేసే పని అప్పుడు పాటలు చేశాయన్నమాట.

గొడవ పెద్దదై, 325లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ బిషప్పులందర్నీ నైసియాలో సమావేశపరిచాడు. ఆ ఊరు ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. కుమారుడు సృష్టి కాదు, తండ్రితో ఒకే సారం గలవాడు అని సభ తేల్చింది. 2025తో ఆ సభకి 1700 ఏళ్లు నిండాయి.

మరి వీడియోలో చెప్పిన ఓటింగ్? సభ జరిగిన మాట నిజం, చక్రవర్తి పిలిచిన మాటా నిజం. కానీ అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 112 ప్రాంతంలో, ప్లినీ అనే రోమా గవర్నరు తన చక్రవర్తి ట్రాజన్‌కి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తుని దేవుడిగా ఎంచి పాటలు పాడుతున్నారని అందులో ఉంది. ఆయన క్రైస్తవుడు కాదు, వాళ్లకి శిక్షలు వేస్తున్నవాడు. ఇంకో విశేషం ఏంటంటే ఆయన పాలించిన బిథునియ ప్రాంతంలోనే నైసియా ఉంది. సభ పెట్టక ముందే ఆ చుట్టుపక్కల జనం క్రీస్తుని ఆరాధిస్తున్నారు.

పైగా నైసియా తర్వాత వచ్చిన చక్రవర్తుల్లో కొందరు అరియస్ పక్షం వైపే మొగ్గారు. ఎదురు నిలిచిన అథనాసియస్ అయిదుసార్లు ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. బిషప్పుగా ఉండీ దాదాపు 17 ఏళ్లు ప్రవాసంలోనే గడిపాడు. రాజు మాటే చెల్లేదైతే ఈ కథ ఇంకోలా ముగిసేది.

గీతకి ఏ వైపు?

సరే, సభని వదిలేద్దాం. బైబిల్లో ఏముంది?

యూదుల నమ్మకాన్ని ఒక్క గీత గీసి చెప్పొచ్చు. గీతకి పైన సృష్టికర్త, కింద మిగతా సమస్తం. మధ్యలో ఎవరూ లేరు. దేవుడైన ప్రభువు ఒక్కడే అని ద్వితీయోపదేశకాండము 6లో ఉన్న మాటని భక్తిగల యూదుడు పొద్దునా సాయంత్రం వల్లె వేస్తాడు. పౌలు అలా పెరిగినవాడే.

అలాంటి పౌలు, యేసు సిలువ మరణం తర్వాత పాతికేళ్లు గడిచేలోపే కొరింథువాళ్లకి ఉత్తరం రాస్తూ (1 కొరింథీ 8:6) ఆ పాత మాటనే విడదీసి చెప్పాడు. 'దేవుడు ఒక్కడే' అన్నది తండ్రి గురించి, 'ప్రభువు ఒక్కడే' అన్నది యేసుక్రీస్తు గురించి అన్నాడు. సమస్తమూ ఆయన ద్వారానే కలిగిందనీ కలిపాడు. ఇద్దరు దేవుళ్లని అనలేదు. ఒక్కడే దేవుడు అన్న మాట లోపలే యేసుకి చోటిచ్చాడు. గీతకి పై వైపు పెట్టాడు.

ఫిలిప్పీ 2 చూడండి. ప్రతి మోకాలూ తన ముందే వంగుతుందని యెషయా 45లో యెహోవా ప్రమాణం చేస్తాడు. మహిమని ఇంకొకరికి ఇవ్వనని అదే యెషయా 42లో అన్నవాడు కూడా ఆయనే. పౌలు ఆ వంగే మోకాళ్లని యేసు పేరు ముందు వంచాడు. తెలియక చేసే పొరపాటు కాదది.

యోహాను సువార్త చివర్లో తోమా ఉన్నాడు. మన చెన్నై మైలాపూర్ దాకా వచ్చాడని సంప్రదాయం చెప్పే తోమానే. గాయాలు చూశాక ఆయన యేసుని తన ప్రభువనీ, తన దేవుడనీ పిలుస్తాడు. పేతురు కాళ్ల మీద పడిన కొర్నేలితో ఏమంటాడో అపొస్తలుల కార్యములు 10లో ఉంది. లే, నేనూ మనిషినే అంటాడు. యేసు తోమాని అలా ఆపలేదు.

ఆ ఊళ్లో 'కొడుకు' అంటే

"కొడుకంటే తక్కువేగా?" అన్నాడు తమ్ముడు.

మనకి కొడుకనగానే వయసు గుర్తొస్తుంది. నిన్నగాక మొన్న పుట్టావ్, నువ్వు నాకు చెప్పేదేంట్రా అంటాం. యేసు మాటలు విన్నవాళ్లకి మాత్రం ముందు గుర్తొచ్చింది వయసు కాదు, సమానత్వం. యోహాను 5:18లో వాళ్ల కోపానికి కారణం రాసి ఉంది. దేవుణ్ని సొంత తండ్రి అంటున్నాడు, అలా తనని దేవుడికి సమానం చేసుకుంటున్నాడు అని. పదో అధ్యాయంలో తానూ తండ్రీ ఒకటేనన్నాడని రాళ్లు తీశారు. ఎనిమిదో అధ్యాయంలోనూ అంతే. అబ్రాహాము కంటే ముందు తాను 'ఉన్నాను' అంటాడు, 'ఉండేవాణ్ని' అనడు. మోషేకి మండే పొద దగ్గర దేవుడు చెప్పుకున్న పేరుకి దగ్గరగా వినిపించింది వాళ్లకి. మళ్లీ రాళ్లు.

మనిషికి పుట్టింది మనిషే. కొడుకు తండ్రి కంటే చిన్నవాడు కావచ్చు, తక్కువ రకం ప్రాణి మాత్రం కాడు. కుమ్మరి చేసిన కుండ కుమ్మరి జాతి కాదు, కుమ్మరి కొడుకు అదే జాతి. నైసియా సభ 'పుట్టినవాడే గాని చేయబడినవాడు కాడు' అని పట్టుబట్టింది ఇందుకే.

మూడు చిక్కుముడులు

తమ్ముడు తేలిగ్గా వదలడు. ఫోన్లోనే బైబిల్ యాప్ తెరిచి ఒక్కోటీ అడిగాడు.

మొదటిది, కొలొస్సయి 1:15లోని 'ఆదిసంభూతుడు'. మొట్టమొదట పుట్టినవాడనేగా? కానీ బైబిల్లో జ్యేష్ఠుడనేది చాలాసార్లు హోదా. దావీదు యెష్షయి కొడుకుల్లో ఆఖరివాడు, అయినా 89వ కీర్తనలో దేవుడు అతన్ని జ్యేష్ఠుణ్ని చేస్తానంటాడు. పాత గ్రీకు బైబిల్లో అక్కడా ఇదే మాట. ఎఫ్రాయిము మనష్షేకి తమ్ముడు, అయినా యిర్మీయా 31లో జ్యేష్ఠుడు. కొలొస్సయిలో ఆ తర్వాతి వచనమే సమస్తమూ ఆయనయందు సృష్టించబడిందని చెబుతుంది. ఆయనే సృష్టిలో ఒకడైతే తనని తాను సృష్టించుకోవాలి.

రెండోది, 'అద్వితీయ కుమారుడు'. గ్రీకు మాట మోనోగెనేస్. హెబ్రీ 11:17లో ఇస్సాకుకీ ఇదే మాట వాడారు. కానీ అబ్రాహాముకి ఇస్సాకు కంటే పద్నాలుగేళ్ల ముందే ఇష్మాయేలు పుట్టాడు. అంటే ఇక్కడ లెక్క ఎంతమంది, ఎప్పుడు అని కాదు. అలాంటివాడు ఇంకొకడు లేడని. 'రెండోది లేని' అనే అర్థమున్న అద్వితీయ అన్న మాటని మన తెలుగు బైబిల్ ఎంచుకోవడం నాకు భలే నచ్చుతుంది.

మూడోది గట్టిది. రెండో కీర్తనలో దేవుడు 'ఈ రోజు నిన్ను కన్నాను' అన్న అర్థంలో మాట్లాడతాడు. ఈ రోజు అంటే నిన్న లేడనేగా? అది రాజు సింహాసనం ఎక్కే పాట. పట్టాభిషేకం రోజున రాజు పుట్టడు కదా, రాజని లోకానికి తెలుస్తుంది. పౌలు ఆ కీర్తనని అపొస్తలుల కార్యములు 13:33లో బేత్లెహేముకి కాదు, పునరుత్థానానికి ముడిపెట్టాడు.

బేత్లెహేముకి ముందు

ఇక్కడో మెలిక ఉంది. యేసు నిత్యుడైన దేవుడే, కానీ 'కుమారుడు' అనే పేరు మాత్రం మనిషిగా పుట్టినప్పుడే వచ్చింది అనేవాళ్లున్నారు. అరియస్ లాంటివాళ్లు కాదు, యేసు దైవత్వాన్ని గట్టిగా నమ్మేవాళ్లే. అమెరికాలో పేరున్న బోధకుడు జాన్ మెకార్తర్ చాలాకాలం అలాగే చెప్పారు. లూకా 1:35లో దూత మరియతో, పుట్టే బిడ్డ అందువల్లే దేవుని కుమారుడని పిలవబడతాడంటాడు కదా, అదీ వాళ్ల ఆధారం. తర్వాత 1990ల చివర్లో ఆయనే తన అభిప్రాయం మార్చుకున్నానని బహిరంగంగా చెప్పారు. అంత పేరొచ్చాక నేను పొరబడ్డానని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

నాకు తోచిన లెక్క ఇది. లూకా 1లో పుట్టక ముందు 'కుమారుడు' అంటారు. యొర్దాను నదిలో బాప్తిస్మం అప్పుడు ఆకాశం నుంచి వచ్చిన స్వరం 'కుమారుడు' అంటుంది. రోమా 1:4 పునరుత్థానం వల్ల కుమారుడని నిరూపించబడ్డాడంటుంది. ఇవన్నీ కుమారత్వం మొదలైన రోజులైతే ఆయనకి మూడు పుట్టినరోజులు ఉండాలి. అవి మొదలైన రోజులు కావు. ఉన్నది బయటపడిన రోజులు.

మార్కు 12లో యేసు చెప్పిన ద్రాక్షతోట కథ గుర్తుందా? యజమాని ఒకరి తర్వాత ఒకరిగా పనివాళ్లని పంపుతాడు. కౌలుదార్లు కొడతారు, చంపుతారు. చివరికి ఆయన దగ్గర ఒక్కడే మిగిలాడు, ప్రియమైన కొడుకు. అతన్ని పంపాడు. తోటకి వచ్చాక కొడుకు కాలేదు, కొడుకు కాబట్టే పంపడం అంత బరువైంది. గలతీ 4:4 కూడా దేవుడు తన కుమారుణ్ని పంపాడంటుంది. పంపాక కుమారుణ్ని చేసుకున్నాడని అనదు. హెబ్రీ 1:2 ఇంకా వెనక్కి పోతుంది, లోకాలు చేసింది కుమారుడి ద్వారానే అని. ఏడో అధ్యాయంలో మెల్కీసెదెకుని దేవుని కుమారుడితో పోలుస్తూ, దినాలకి మొదలు లేనివాడంటుంది. మొదలు లేకపోవడమే అక్కడి పోలిక.

"మరి తండ్రి నాకంటే గొప్పవాడని ఆయనే అన్నాడుగా?" యోహాను 14:28. అవును, అన్నాడు. ఆ గడియ తనకి తెలియదనీ అన్నాడు, మార్కు 13:32లో. ఈ వచనాల దగ్గర నేనూ ఆగుతాను, తొందరపడి దాటను. దేవుని రూపంలో ఉన్నవాడు దాసుడి రూపం తీసుకుని తగ్గించుకున్నాడని ఫిలిప్పీ 2 చెబుతుంది. అలా కిందికి దిగినవాడు ఆ చోటు నుంచి మాట్లాడుతున్నాడని నా అవగాహన. అదే మార్కు వచనంలో వరస కూడా చూడండి. మనుషులు, దూతలు, ఆ పైన కుమారుడు, తర్వాత తండ్రి. తెలియదని చెబుతూ కూడా ఆయన తనని దూతలకి ఇవతల పెట్టుకోలేదు. దీన్ని వేరేలా చదివే సమూహాలు ఇవాళా ఉన్నాయి. వాళ్లూ బైబిల్ తెరిచే మాట్లాడతారు, వాళ్లని ఎగతాళి చేయాల్సిన పనిలేదు.

కొవ్వొత్తి, వెలుగు

అప్పటికి పన్నెండు దాటింది. మెట్ల దగ్గర్నుంచి చూస్తే కింద హాల్లో బాబాయి ఫొటో ముందు కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది.

"ఆ మంట వెలిగాక ఎంతసేపటికి వెలుగొచ్చింది?" అని అడిగాను.

"వెలిగితేనే వెలుగు. మళ్లీ ఎంతసేపేంటి?"

హెబ్రీ 1:3 కుమారుణ్ని తండ్రి మహిమ నుంచి వెలువడే తేజస్సు అంటుంది. మంట నుంచే వెలుగు వస్తుంది, వెలుగు నుంచి మంట రాదు. ఆ వరస మారదు. కానీ మంట ఉండి వెలుగు లేని క్షణం లేదు. అథనాసియస్ ఈ పోలికనే పదే పదే వాడాడు.

అప్పుడు నాకు మా పాప సంగతి ఇంకోలా తోచింది. నా వయసు ముప్పై దాటొచ్చు, నాలోని నాన్న వయసు మాత్రం మా పాప వయసే. ఒక్క రోజు పెద్ద కాదు, ఒక్క రోజు చిన్న కాదు. అది లేని రోజున నేను ఉన్నాను, నాన్న లేడు. మరి దేవుడు ఎప్పటి నుంచీ తండ్రే అయితే, కుమారుడూ అప్పటి నుంచే ఉండాలి. కుమారుడికి ఒక తేదీ పెట్టిన రోజున తండ్రి అనే పేరుకీ తేదీ పెట్టినట్టే. తమ్ముడి భయం సరైన చోటే తగిలింది. కుమారుడు మధ్యలో వచ్చినవాడైతే దేవుడి నాన్నతనం నిజంగానే పోస్టు.

యోహాను 17:24లో యేసు, చనిపోయే ముందు రాత్రి, లోకానికి పునాది వేయకముందే తండ్రి తనని ప్రేమించాడని చెప్పుకుంటాడు. నక్షత్రాలు లేవు, మనుషులు లేరు, ప్రార్థనలు లేవు. అప్పుడూ ఒక తండ్రి ఉన్నాడు, ఒక కుమారుడు ఉన్నాడు. దేవుడు ప్రేమ అని యోహాను పత్రిక చెప్పే మాటకి అర్థం వచ్చేది అక్కడే. ప్రేమించడం మొదలుపెట్టాలంటే ఆయనకి మనం పుట్టే దాకా ఆగాల్సిన పని లేకపోయింది. మనల్ని 'తండ్రీ' అనమన్నది అప్పటికే ఉన్న ఇంట్లోకి రమ్మని.

ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు. తర్వాత అడిగాడు.

"సరే. అంత మంచి నాన్నయితే మా నాన్నని ఎందుకు తీసుకెళ్లాడు?"

నా దగ్గర వచనం లేదు. ఉన్నా ఆ రాత్రి చెప్పేవాణ్ని కాను. "తెలీదురా" అన్నాను. తండ్రి ఎవరో తెలిసినంత మాత్రాన తండ్రి చేసిందల్లా అర్థమైపోదు. మా పాపకి టీకా వేయించిన రోజున అది నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

పొద్దున్నే ఇద్దరం సమాధుల తోటకి వెళ్లొచ్చాం. వాడు ప్రార్థన చేయలేదు. నేనూ చేయమనలేదు. బండలో మొలిచిన గడ్డి పీకి, ముందురోజు ఎండిపోయిన పూలు తీసేసి వచ్చాడు.

వారం తర్వాత హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టాడు. "హెబ్రీ ఒకటి రెండుసార్లు చదివా. యోహాను 17 కూడా. డౌట్లు ఇంకా ఉన్నాయ్. ఆ పోస్టింగ్ నాన్న అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా."

పిన్నికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి, "ఈసారి వచ్చేటప్పుడు పాపని కూడా తీసుకురా నాన్నా" అంది.